దుబ్రోవ్నిక్ అయిపోయిందండీ!

క్రూజు బ్రోషర్లలో ఏ ఊరి చరిత్రకైనా దక్కేది ఒక్క గడి. బుధవారం, దుబ్రోవ్నిక్, ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా. ఇప్పుడు క్రొయేషియాలో ఉన్న ఈ రేవు పట్నం, 1358 నుంచి 1808 దాకా రగూసా అన్న పేరుతో గణతంత్రంగా బతికింది. మొదట హంగరీ రాజుకూ, ఆ తరవాత తుర్కీ సుల్తానుకూ కప్పం కట్టి, ఆ కప్పం చాటున తన ఓడలు తాను నడుపుకుంది. ఆ 450 ఏళ్లకు 9 గంటలు ఇచ్చారు. అంటే గంటకు 50 ఏళ్లు. నెపోలియన్ కూడా ఇంత తొందరపడలేదు. అతని సైన్యం 1806లో ఊళ్లో అడుగుపెట్టింది. గణతంత్రాన్ని మూసెయ్యడానికి 1808 దాకా ఆగింది.

పోనీ ఆ 9 గంటలైనా పూర్తిగా దక్కుతాయా? ఓడ ఆగేది గ్రూజ్ రేవులో. పాత నగరం అక్కడికి దాదాపు 3 కిలోమీటర్లు. టిఫినుకు ముందే డబ్బు కట్టేశాం కాబట్టి తినకుండా దిగడం మహాపాపం. ఆమ్లెట్ దగ్గర క్యూ, లిఫ్టు దగ్గర క్యూ, కార్డు గీకే చోట క్యూ, బస్సు దగ్గర క్యూ. మధ్యాహ్నం భోజనానికీ డబ్బు కట్టే ఉంది. అంచేత ఒంటిగంట కొట్టేసరికి చాలామందికి దుబ్రోవ్నిక్ మీద విరక్తి పుట్టి ఓడ మీద మమకారం పెరుగుతుంది. సాయంత్రం 5కి ఓడ కదులుతుందంటే నాలుగున్నరకే అందరూ లోపలుండాలి. నాలుగున్నరకు లోపలుండాలంటే మూడింటికే గుండెదడ మొదలవుతుంది. ఓడ తప్పిపోతే తరవాతి రేవుకి సొంత ఖర్చుతో చేరుకోవాలి మరి. ఇవన్నీ పోను ఊరి వాటాకు మిగిలేది మహా అయితే నాలుగు గంటలు, అందులో ఒకటి బాత్‌రూమ్ వెతుక్కోవడానికి.

ఆ నాలుగు గంటల్లో ఏం జరుగుతుందో చూద్దాం. ఛాతీ మీద నంబరు స్టిక్కరు, చెవిలో గైడు గొంతు, ముందు గాలిలో ఊగే నంబరు పలక. పీలె గేటు దాటగానే ఎడమచేతి వైపు ఫ్రాన్సిస్కన్ల మఠం. అందులో 1317లో పెట్టిన మందుల కొట్టు ఇంకా ఉంది. మఠం బయటి గోడకు అడుగున ఒక రాతి ముఖం పొడుచుకొచ్చి ఉంటుంది; దాని మీదకెక్కి, గోడవైపు తిరిగి, పడిపోకుండా నిలబడితే అదృష్టమట. 700 ఏళ్ల మందుల కొట్టు దగ్గర జనం లేరు, రాతి ముఖం దగ్గర తిరునాళ్లు.

తరవాత జెసూట్ మెట్లు. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' సీరియల్లో ఒక రాణిని అవమానించి నడిపించినది ఈ మెట్ల మీదే. ఫోన్లు పైకి లేస్తాయి. ఎన్నడూ లేని రాణి ఎక్కడ అడుగు పెట్టిందో అడిగి తెలుసుకుంటారు. నిజంగా ఈ ఊరిని ఏలినవాడు ఎక్కడుండేవాడని అడిగేవాళ్లు లేరు. ఆ భవనం నాలుగడుగుల్లోనే ఉంది. రగూసాను ఏలే రెక్టరు పదవి ఒక్క నెల. ఆ నెల రోజులూ ఆయన ఆ భవనంలోనే ఉండాలి. సొంత పని మీద గడప దాటకూడదు. మన నాయకులెవరూ ఈ ఊరికి అధ్యయన యాత్ర వెయ్యకపోవడానికి కారణం ఇదేనేమో.

సరే, డబ్బుకు వెనకాడని వాళ్లు గోడ ఎక్కుతారు. టికెట్టు ఖరీదు గట్టిగానే ఉంటుంది. చుట్టూ 1,940 మీటర్ల నడక. పైనుంచి ఎర్ర పెంకుల కప్పులూ వాటి వెనక నీలి సముద్రమూ కనబడతాయి. క్రూజులో వెళ్లొచ్చిన ప్రతి ఒక్కరి ఫోన్లోనూ ఉండే ఫోటో ఇదే. "ఎంత ఫ్రెష్‌గా ఉన్నాయో చూడండి, వీళ్లు ఎంత బాగా మెయింటైన్ చేస్తున్నారో!" అని ఒక మెచ్చుకోలు కూడా జతవుతుంది. ఫ్రెష్‌గా ఉండక ఏం చేస్తాయి? 1991, 92ల్లో యుగోస్లావ్ సైన్యం ఈ ఊరిని ముట్టడించి కొండల మీది నుంచి ఫిరంగులు పేల్చింది. 1991 డిసెంబరు 6న గుండ్లు కురిసినట్టు ఇంకెప్పుడూ కురవలేదు. పాత నగరంలో ఉన్న 824 భవనాల్లో 563కు దెబ్బలు తగిలాయి. పాత పెంకు ఎండకూ వానకూ రంగు వెలిసి గోధుమవన్నెలో ఉంటుంది. ఎర్రగా మెరిసేది యుద్ధం తరవాత కప్పింది. ఫోటోలో ఎక్కడెక్కడ ఎరుపు బాగా పడిందో అక్కడక్కడ ఒక ఇల్లు కప్పు పోగొట్టుకుంది. స్పోంజా భవనంలో ఆ రోజుల్లో ఊరిని కాపాడుతూ చనిపోయినవాళ్ల ఫోటోలతో ఒక గది ఉంది. లోపలికెళ్లి ఆ ముఖాల్ని చూడ్డానికి పది నిమిషాలు చాలు. పలక పట్టుకున్న గైడు అక్కడ ఆగదు, టైము లేదు. ఐస్‌క్రీం దగ్గర ఆగుతుంది.

అదే స్పోంజా ఒకప్పుడు సుంకాల ఇల్లు. సరుకును నేను తూచేటప్పుడు నన్ను దేవుడు తూస్తుంటాడు అన్న అర్థంలో ఒక లాటిన్ మాట కమాను మీద చెక్కి ఉంటుంది. దాని ఎదురుగా చౌకులో 1418 నాటి ఓర్లాండో విగ్రహం. ఆ విగ్రహం కుడి ముంజేయి పొడవు 51.2 సెంటీమీటర్లు, రగూసాలో బట్ట కొలిచే మూర అదే. దుకాణదారు మూర తగ్గించాడని అనుమానమొస్తే ఎవరైనా వచ్చి రాతిచేతికి ఆనించి చూసుకోవచ్చు. కొలత విషయంలో ఇంత పట్టుదల ఉన్న ఊరిని చూసొచ్చినవాళ్లు మాత్రం మనకు ఏ మూరతో కొలిచి ఇస్తున్నారో వినండి.

"ఎలా ఉంది వదినా, యూరప్?"

"ఏముంది వదినా, అన్ని ఊళ్లూ ఒకటే. ఓ చర్చి, ఓ కోట, రాళ్ల రోడ్డు. దుబ్రోవ్నిక్ అయిపోయింది, కోటోర్ అయిపోయింది, కోర్ఫూ కూడా అయిపోయింది. ఓడలో మాత్రం పెరుగన్నం పెట్టారు, తెలుసా!"

పెరుగన్నం సంగతి నేను నమ్ముతాను. అది ఆవిడ కూర్చుని, నిదానంగా, రుచి తెలిసేలా చేసిన ఏకైక పని. మిగతా మూడు ఊళ్ల సంగతే నమ్మను.

ఇక్కడ నా మీదకు వచ్చే మాట నాకు తెలుసు. అందరికీ నెలల తరబడి సెలవులుంటాయా? ఊరూరా హోటలు మార్చి పెట్టెలు మొయ్యడానికి పెద్దవాళ్ల మోకాళ్లు ఒప్పుకుంటాయా? డల్లాస్ నుంచి కొడుకు టికెట్లు పంపితే, ఒక్కసారి పెట్టె సర్దుకుంటే చాలు, మంచమే మనల్ని ఊరూరూ తిప్పుతుందంటే, వద్దనడానికి నేనెవర్ని? నిజమే. మోకాళ్ల విషయంలో నేను పూర్తిగా క్రూజు పక్షం. ఓడ డెక్కు మీద కూర్చుని సముద్రం చూడటం కూడా గొప్ప సుఖమే, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తక్కువసేపు ఉండటం తప్పన్నవాడు అసలు ప్రయాణాలే చెయ్యలేడు. 1830 మేలో చెన్నపట్నంలో బయల్దేరి కాశీ చూసుకుని 1831 సెప్టెంబరులో తిరిగొచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా దారిలో ఎన్నో ఊళ్లలో ఒక పూటే బస చేశాడు. మజిలీ ఎలా ఉంది, నీళ్లు దొరుకుతాయా, సామాన్లు దొరుకుతాయా అని రాసుకుని ముందుకు సాగాడు. పూట ఉన్న ఊరి గురించి పూట మందమే రాశాడు. ఆ ఊళ్లన్నీ ఒకటేనని తీర్పు చెప్పడానికి పల్లకీ దిగలేదు.

తీర్పు సంగతి అలా ఉంచి, దిగిన ఊరికి ఏం ఒరుగుతోందో కూడా చూడాలి. యుద్ధానికి ముందు గోడల లోపల 5,000 మంది దాకా కాపురాలుండేవి. ఇప్పుడు 1,500కు అటూఇటూ. పెద్ద ఓడ ఒక్కటి వచ్చిందంటే గోడల లోపలి జనాభాకు రెట్టింపు మంది దిగుతారు, అదీ ఒకే గేటులోంచి, ఒకే గంటలో. దిగినవాళ్లు తిన్నది ఓడలో, పడుకునేది ఓడలో. ఊళ్లో కొనేది ఫ్రిజ్‌కు అంటించుకునే ఒక అయస్కాంతం బిళ్ల. ఊరివాళ్లు సహించి సహించి, 2019లో క్రూజు కంపెనీలతో ఒప్పందానికి వచ్చారు: ఒకేసారి రెండు ఓడలకు మించకూడదు, దిగే జనం 4,000కు మించకూడదు. ఇంత జరిగాక కూడా మనవాళ్లు గైడును అడుగుతారట, "ఇక్కడి లోకల్ లైఫ్ ఎక్కడ చూడొచ్చు?" అని. లోకల్ లైఫ్ పొద్దున్నే బస్సెక్కి ఊరి బయటి ఫ్లాటుకు వెళ్లిపోయిందమ్మా. పాత ఇల్లు టూరిస్టులకు అద్దెకిచ్చింది. ఆ బాల్కనీలో ఆరేసిన తువ్వాలు కూడా జర్మనీ వాళ్లదే.

ఇదే పని మనకు జరిగితే? జరగకపోదు. విశాఖలోనూ 2023లో క్రూజు టెర్మినల్ తెరిచారు. రేపు ఒక ఓడ వస్తుంది. సోమవారం, విశాఖపట్నం, ఉదయం 8 నుంచి సాయంత్రం 5. దొరగారూ దొరసానీ ఛాతీ మీద స్టిక్కరుతో దిగుతారు. ఆర్కే బీచిలో ఇసుక తొక్కుతారు. కురుసుర జలాంతర్గామికి సోమవారం సెలవు కాబట్టి బయటినుంచే ఫోటో. కైలాసగిరి మీద శివపార్వతుల ముందు సెల్ఫీ. భీమిలి దాకా వెళ్తే డచ్చివాళ్ల సమాధులు చూడొచ్చు, కానీ ట్రాఫిక్కుకు భయపడి గైడు వద్దంటాడు. పూతరేకు ఒకటి నోట్లో వేసుకుని, కాగితం కూడా తినాలా అని అడుగుతారు. సాయంత్రం ఓడెక్కి పాస్తా తింటూ, "ఆంధ్రా అయిపోయింది. బాగానే ఉంది గానీ, అన్నీ ఒకేలా ఉంటాయి: ఓ గుడి, ఓ బీచి, చాలా హారన్లు" అంటారు. అది వింటే మనలో ఎంతమందికి రక్తం ఉడుకుతుంది! అదిగో, దుబ్రోవ్నిక్ వాళ్లకూ అదే రక్తం.

కాబట్టి నాదొక ప్రతిపాదన. దీనికి కావలసిన చట్టం ఆ ఊళ్లోనే ఉంది, కొత్తగా రాయనక్కర్లేదు. 1377లో, ప్లేగు తిరుగుతున్న కాలంలో, రగూసా మహాసభ ఒక శాసనం చేసింది. రోగమున్న ప్రాంతాల నుంచి వచ్చేవాళ్లెవరూ నేరుగా ఊళ్లోకి రాకూడదు; ముందు మర్కాన్ అనే చిన్న దీవిలోనో, పక్కనున్న త్సావ్టాట్‌లోనో ఒక నెల గడపాలి. లోకంలో ఇలాంటి శాసనాల్లో ఇదే మొదటిదని చరిత్రకారులు చెబుతారు. ఆనాడు ఓడ దిగినవాడికి ఊరి గేటు చూడాలంటే 30 రోజుల ఓపిక కావాలి. ఈనాడు దిగినవాడికి ఆమ్లెట్ క్యూ దాటే ఓపిక చాలు.

ఆ చట్టాన్ని చిన్న సవరణతో మళ్లీ అమలు చెయ్యాలి. నెల రోజుల నిర్బంధం ఊళ్లోకి రాకముందు వద్దు. వెళ్లాక, నోరు తెరవకముందు ఉండాలి. దిగి తిరిగినవాళ్లను తిన్నగా మర్కాన్ దీవికి పంపాలి. మనుషులు లేని చోటు కాబట్టి శ్రోతలు దొరకరు. వైఫై ఉండదు. వాట్సాప్ స్టేటస్ 24 గంటలకే మాయమవుతుంది, ఇక్కడేమో నెల ఆగాలి. కాబట్టి స్టేటస్‌ల బెడద దానంతటదే తీరుతుంది. కొడుకు డల్లాస్ నుంచి ఫోను చేసినా కలపరు. నెల తరవాత కూడా ఆ ఊరి గురించి చెప్పడానికి మాట మిగిలి ఉంటే, అది నిజంగా చూసిందే అయ్యుంటుంది, విడుదల చెయ్యొచ్చు.

మినహాయింపు ఒక్క రకం వాళ్లకు ఇవ్వాలి. "ఓడ దిగి కాసేపు నడిచాం, రాళ్లు జారుతున్నాయి, ఎండ మాడ్చేసింది, ఐస్‌క్రీం మాత్రం బాగుంది" అని కాగితం మీద సంతకం పెట్టినవాళ్లను ఒక్క గంట కూడా ఆపకుండా ఇంటికి పంపెయ్యాలి. దారిలో తినడానికి పెరుగన్నం కట్టి మరీ.