చచ్చినా సెలవు లేదు!

పాలకుర్తిలాంటి ఊళ్లో ఎవరైనా అనుమానాస్పదంగా పోతే పంచనామా, పోస్టుమార్టం, చార్జిషీటు... బోలెడు తతంగం. టీవీలో అవేవీ అక్కర్లేదు. రేటింగు చూసి నాడి చెప్పేస్తారు.

సోనీ టీవీలో 1998లో మొదలైన డిటెక్టివ్ సీరియల్ ‘సీఐడీ’ ఒకప్పుడు దర్జాగానే బతికింది. 2004లో ఏకంగా 111 నిమిషాల ఎపిసోడ్‌ను ఒక్క కట్ లేకుండా ఒకే షాట్‌లో లాగించింది. తర్వాత్తర్వాత కథ పలచబడింది. ఆధారం దొరక్కపోయినా ఇన్‌స్పెక్టర్ దయాకు పగలగొట్టడానికో తలుపు మాత్రం దొరికేది. 2018లో ఆపారు, 2024 డిసెంబరులో మళ్లీ లేపారు. 2025లో టీమ్ బాసు ఏసీపీ ప్రద్యుమ్న్‌ను బాంబు పేలుడులో చంపేసి, ఆ ఏడాదే వెనక్కి తెచ్చారు. ‘ఏదో గడబిడ ఉంది’ అంటూ ఇన్నేళ్లూ వేళ్లు తిప్పిన పెద్దమనిషికి, ఆ గడబిడ రచయితల గదిలోనే ఉందని తట్టనేలేదు పాపం!

మన తెలుగు సీరియల్‌వాళ్లేం తక్కువ తిన్నారా? ‘కార్తీకదీపం’ కుటుంబ కథే అయినా ఖాకీ వాసన బాగానే పట్టింది. విలన్ మోనితను చంపాడని హీరో డాక్టర్ బాబును జైల్లో వేశారు. హతురాలేమో నిక్షేపంగా తిరుగుతోంది! 2022లో డాక్టర్ బాబునూ అతని భార్య వంటలక్కనూ యాక్సిడెంటులో సాగనంపి, ఆ ఏడాదే ఇద్దరినీ బతికించారు.

ఇక మీసేవ కౌంటరొకటి సెట్లోనే తెరవడం మంచిది. ఇచ్చిన డెత్ సర్టిఫికెట్లు వాపసు తీసుకోవడానికి.