సబ్‌మెరైన్ దగ్గర ఆపండి

విశాఖపట్నంలో పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు. ఆ కాసేపూ రోడ్డంతా నడిచేవాళ్లదే. కోస్టల్ బ్యాటరీ దగ్గర బయల్దేరినవాళ్లు సముద్రాన్ని కుడిచేతి పక్కన పెట్టుకుని వస్తారు. ఒకప్పటి ఫిరంగుల స్థావరం పేరు ఆ కూడలికి అలాగే ఉండిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌస్, ఆ కొండ చాటున హార్బర్ కనిపిస్తాయి. కాళీమాత గుడి దగ్గర చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకునేవాళ్లు కొందరు. నా దాకా వచ్చి, నా నీడలో నిలబడి చెమట తుడుచుకుని వెనక్కి మళ్లేవాళ్లే ఎక్కువ. "సబ్‌మెరైన్ దగ్గర ఆపండి" అంటే చాలు, ఈ ఊళ్లో ఏ ఆటో అయినా తెచ్చి నా ముందే దింపుతుంది.

నా పేరు కుర్సురా. ఐఎన్ఎస్ కుర్సురా, ఎస్ 20.

1969 డిసెంబర్ 18న, అప్పట్లో సోవియట్ యూనియన్‌లో ఉన్న రీగా రేవులో నన్ను భారత నౌకాదళంలోకి తీసుకున్నారు. ఆ రోజుల్లో సూయజ్ కాలువ మూసి ఉంది. 1967 యుద్ధంలో మూతపడ్డ కాలువ 1975 దాకా తెరుచుకోలేదు. దాంతో మరుసటి ఏడు ఫిబ్రవరిలో బయల్దేరిన నేను ఆఫ్రికా ఖండాన్నంతా చుట్టి రావాల్సివచ్చింది. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్, స్పెయిన్‌లో లా కొరూనా, ఘనాలో తకోరాడి, ఆ తర్వాత మారిషస్. ఇంటి ముఖం చూడకుండానే సగం లోకం చూశాను.

నాకు ముందు ముగ్గురు అక్కలు. కల్వరి, ఖండేరి, కరంజ్. పెద్దక్క కల్వరి 1967 డిసెంబర్ 8న చేరిన రోజునే ఇప్పటికీ సబ్‌మెరైన్ దినంగా జరుపుకుంటారు. నలుగురం ఒకే పోలిక. పొడవు తొంభై ఒక్క మీటర్లు, లోపల ఏడు గదులు, ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు. నీటిపైన డీజిల్ ఇంజన్లు, నీటికింద బ్యాటరీలు. ఆ బ్యాటరీలకు ఛార్జి అయిపోతే మళ్లీ పైకి రావాలి, లేదా స్నార్కెల్ గొట్టం ఒక్కటి నీటిపైకి పెట్టి ఇంజన్లకు గాలి పీల్చుకోవాలి. మా ప్రాణమంతా ఆ గాలి లెక్కలోనే ఉంటుంది.

1971 యుద్ధంలో నేను పడమటి వైపున, అరేబియా సముద్రంలో కాపు కాశాను. అసలు కథ నేను లేని ఈ తీరంలో జరిగింది. మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ డిసెంబర్ 3 అర్ధరాత్రి వేళ ఈ హార్బర్ ముందు పేలి మునిగిపోయింది. ఎలా పేలిందన్న దాని మీద రెండు దేశాల మాటా ఈనాటికీ ఒక్కటి కాలేదు. నీళ్ల మీద తేలిన వస్తువులు దొరికింది మన జాలర్లకే. ఆ యుద్ధంలో విజయానికి గుర్తుగా 1996లో నాకు దగ్గర్లోనే 'విక్టరీ ఎట్ సీ' స్తూపం కట్టారు.

ఘాజీ శత్రువే. విక్రాంత్‌కి ఏమైనా అయ్యుంటే ఏం జరిగేదో నాకు తెలుసు. అయినా నేనూ సబ్‌మెరైన్‌నే కదా. ఘాజీలో తొంభై ముగ్గురు మనుషులున్నారు. వాళ్లకీ మా వాళ్లకున్నట్టే ఇరుకు పడకలుండేవి, గుండ్రటి ఇనుప గుమ్మాలుండేవి, గాలి లెక్క ఉండేది. ఘాజీ ఇంకా ఈ నీళ్లలోనే ఉంది. నేను ఒడ్డున ఉన్నాను.

నా జీవితంలో నేను గట్టిగా చెప్పుకోవాలనుకునేది యుద్ధం సంగతి కాదు. 1975లో నన్ను పక్కన పెట్టేశారు. అక్కలకి విడిభాగాలు దొరకడం లేదు. ఏవి కావాలంటే అవి నాలోంచి విప్పి తీసుకెళ్లారు. పంపులు పోయాయి, వాల్వులు పోయాయి. పనిముట్ల చప్పుడు తప్ప లోపల మనిషి అలికిడి లేదు. నా భాగాలు పెట్టుకుని అక్కలు సముద్రంలోకి వెళ్లొచ్చారు. పుట్టింట్లో చిన్నది తన నగలు తీసి అక్కల పెళ్లిళ్లకి ఇచ్చినట్టనిపించింది నాకు. 1980లో మళ్లీ నన్ను చేతుల్లోకి తీసుకుని, బోలుపడ్డ చోటల్లా నింపి, 1985కల్లా తిరిగి నీళ్లలోకి పంపారు. పారేసిన వస్తువుని తిరిగి నడిపించిన ఆ మెకానిక్కులు ఎవరికీ గుర్తుండరు. అందుకే వాళ్ల సంగతి ఇక్కడ చెప్తున్నాను.

2001 ఫిబ్రవరి 27న సేవ నుంచి తప్పించేనాటికి ముప్పై ఒక్క ఏళ్లలో 73,500 నాటికల్ మైళ్లు తిరిగాను. తుక్కుకి పోవాల్సినదాన్ని ఈ ఊరు పోనివ్వలేదు. ఒడ్డుకి లాగి, కాంక్రీటు పునాది మీద నిలబెట్టి, 2002 ఆగస్టులో తలుపులు తెరిచారు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊళ్లో చెట్లన్నీ వేళ్లతో సహా లేచిపోయాయి. సముద్రం లోపలుంటే పైన తుపాను చాలావరకు తెలియదు. ఒడ్డున ఉంటే మొత్తం తెలుస్తుంది.

సోమవారం సెలవు. మిగతా రోజుల్లో జనం వరసగా లోపలికి వస్తారు. అన్నీ వివరించి చెప్పేది రిటైరైన నేవీ వాళ్లు, ఇలాంటి ఇరుకులో సగం వయసు గడిపినవాళ్లు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే కాలు ముందు పెట్టి, నడుం వంచి, తల చివర్లో తీసుకెళ్లాలి. తల ముందు పెట్టినవాళ్లకి బొప్పి కడుతుంది. ఆ గుమ్మాల అంచున పట్టుకునే చోట రంగు నిలవదు, అన్ని చేతులు తగిలాయి.

మొన్న విజయనగరం వైపు నుంచి ఒక తాతా మనవడూ వచ్చారు. టార్పెడోల పక్కనే ఉన్న పడకలు చూసి పిల్లాడు ఆగిపోయాడు.

"ఏటి తాతా, ఈ బాంబుల పక్కనే తొంగునేవోరా?"

"అవున్రా."

"మరి నీలాడడం?"

తాత గైడ్ వైపు చూశాడు. "వారాల తరబడి ఉండదు బాబూ, తాగే నీళ్లే కొలిచి వాడుకోవాలి" అన్నాడాయన. పిల్లాడు పడక ఇనుప పట్టీని వేలితో రెండుసార్లు తట్టి, గుమ్మం దాటేటప్పుడు కాలు ముందు పెట్టాడు. అందరూ సెల్ఫీలు తీసుకుంటారు, తీసుకోవాల్సిందే, దానికి నాకేం బాధ లేదు. కానీ ఆ పడక దగ్గర అలా ఒక్క నిమిషం ఆగేవాళ్ల కోసం రోజంతా ఎదురుచూస్తాను.

రోడ్డుకి అవతల టీయూ 142 విమానం ఉంది. ఇరవై తొమ్మిదేళ్లు సముద్రం మీద ఎగిరి 2017లో నాకు ఎదురింటి చుట్టంగా వచ్చింది. దాని పనే సబ్‌మెరైన్లను వెతికి పట్టుకోవడం. ఇప్పుడు మా ఇద్దరినీ చూడ్డానికి వచ్చిన పిల్లలు అటూ ఇటూ పరిగెడుతుంటారు.

అక్కలెవరూ లేరు. వాళ్ల పేర్లు మాత్రం కొత్త సబ్‌మెరైన్లకు పెట్టారు. కల్వరి 2017లో, ఖండేరి 2019లో, కరంజ్ 2021లో నౌకాదళంలో చేరాయి. నా పేరు ఇంకా నా దగ్గరే ఉంది.

డిసెంబర్ 4 నేవీ డే. స్తూపం దగ్గర పూలదండలు పెడతారు. సేవ ముగిసినా నన్ను జెండాల తోరణాలతో అలంకరిస్తారు. చీకటి పడ్డాక మురీమిక్చర్ బళ్లు వెళ్లిపోయి జనం పలచబడతారు. హార్బర్ వైపు నుంచి జాలర్ల పడవలు ఒక్కొక్క దీపంతో బయటికొస్తాయి. ఆ దీపాలు ఘాజీ ఉన్న దిక్కుకి పోయేదాకా చూస్తూ ఉంటాను.