ఒక టమాటా క్రేటు ఆత్మకథ

ఈ ఆత్మకథలో ‘నేను’ కనిపించదు. చెబుతున్నది ఒక పచ్చరంగు ప్లాస్టిక్ క్రేటు. పక్కన ఎర్ర పెయింటుతో మండీ యజమాని గుర్తు, అడుగున ఒక మూల పగులు, ఆ పగులుకు ఇనప తీగతో వేసిన కుట్టు. ఒంటి మీద ఇంకొకరి పేరు రాసి ఉండగా ‘నేను’ అనడం ఏం బాగుంటుందనుకుందో ఏమో, తన సంగతులన్నీ ‘అది’ అనే చెప్పుకుంటుంది.

పుట్టుక గురించి చెప్పడానికి దాని దగ్గర పెద్దగా ఏమీ లేదు. కరిగించిన ప్లాస్టిక్, ఒక అచ్చు, అంతే. అసలు బతుకు మదనపల్లె టమాటా మార్కెట్లో మొదలైంది. దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో అదొకటి. తోటలో కోత, మండీలో వేలం, చీకటి పడేసరికి లారీ. పుంగనూరు, పలమనేరు దాటి, మొగిలి ఘాటు దిగి, చిత్తూరు, రాణిపేట, శ్రీపెరుంబుదూరు మీదుగా చెన్నై కోయంబేడుకు దాదాపు 250 కిలోమీటర్లు. లారీలో చల్లదనం అంటే టార్పాలిన్ సందుల్లోంచి వచ్చే రాత్రి గాలే. ఘాటు మలుపుల్లో పై క్రేటు బరువు కింది క్రేటు మీద పడుతుంది. అడుగు వరుసలో నాలుగు కాయలు చితికి రసం కారుతుంది. ఆ రసం మరకలే తన దినచర్య పుస్తకం అంటుందది.

కోయంబేడు మార్కెట్ 1996లో మొదలైంది. 295 ఎకరాల ప్రాంగణం. అంతకుముందు చెన్నైకి కూరగాయలు దిగింది జార్జిటౌన్‌లోని కొత్వాల్ చావడిలో. ఆ పాత మార్కెట్ స్థలం మన కోమట్ల శ్రీ కన్యకాపరమేశ్వరి దేవస్థానానిది. ఇరుకు సందులు, ఎద్దుబండ్లు, తొక్కిసలాట. క్రేటు ఇవేవీ కళ్లారా చూడలేదు. ఏదో గోడౌన్ మూల పడి ఉన్న ముసలి వెదురు గంప చెబితే వింది. 2020 మే 5న కరోనా వల్ల కోయంబేడునే మూసి, కూరగాయల వ్యాపారాన్ని చెన్నై శివారులోని తిరుమళిశైకి తరలించినప్పుడు మాత్రం క్రేటు ఆ కొత్త చోటే ఉంది. వాన పడితే చాలు, అడుగు భాగం బురదలో కూరుకుపోయేదట. సెప్టెంబరులో గాని కోయంబేడు తలుపులు మళ్లీ తెరుచుకోలేదు.

క్రేటుకు లోకజ్ఞానం కాస్తోకూస్తో అబ్బింది చెన్నై అయనావరంలోని ఒక కొట్టులో. కొట్టతనిది పీలేరు వైపు. ఒక జూన్ నెలలో క్రేటును అక్కడ దించి, దాని పక్కనే ఒక అట్టపెట్టెను పెట్టారు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం నుంచి వచ్చిన యాపిల్ పెట్టె. మీద 113 అని అచ్చు, అంటే లోపలున్న కాయల లెక్క. లోపల కాగితం గుజ్జుతో చేసిన గుంటల పళ్లేలు, ఒక్కో గుంటలో ఒక్కో కాయ, ఒక్కో కాయకు నాలుగంకెల స్టిక్కరు. క్రేటుకు ఒళ్లు మండింది. తనలో కాయలు ఒకదాని మీద ఒకటి దొర్లుతూ వచ్చాయి మరి.

“ఎప్పుడు కోశారు?” అని అడిగింది.

“పోయిన సెప్టెంబరులో,” అంది పెట్టె.

తొమ్మిది నెలలు! పెట్టె నింపాదిగా వివరించింది. కోసిన తర్వాత కూడా పండు ఊపిరి తీస్తుంది. ఆ ఊపిరే దాన్ని ముగ్గబెడుతుంది, చివరికి కుళ్లబెడుతుంది. అందుకని యాపిల్‌ను సున్నాకు ఒకటి రెండు డిగ్రీల అటూ ఇటూ చలిలో ఉంచి, గదిలో ఆక్సిజన్‌ను 21 శాతం నుంచి రెండు శాతం దాకా దించేస్తారు. కాయ సగం నిద్రలోకి జారుకుంటుంది. ముగ్గబెట్టే ఎథిలీన్ పని చేయకుండా అడ్డుపడే వాయువు ఒకటి పెడతారు. ఆ తర్వాత చల్లని కంటైనర్, ఓడ, రేవు. 2015 సెప్టెంబరులో విదేశీ యాపిల్‌ను ముంబై దగ్గరి నవాషేవా రేవులోనే దించాలని కేంద్రం ఆంక్ష పెట్టింది. 2016 జనవరిలో దాన్ని సడలించి చెన్నై రేవుకూ దారి తెరిచింది. అప్పట్లో సుంకం 50 శాతం. అమెరికా యాపిల్‌కైతే 2019 నుంచి 2023 దాకా అదనంగా మరో ఇరవై.

“అంత చలి మా టమాటాకిస్తే మేమూ దొరల్లాగే ఉండేవాళ్లం,” అంది క్రేటు. అక్కడ దాని లెక్క తప్పింది. పది డిగ్రీల కన్నా బాగా తక్కువ చలిలో రోజుల తరబడి ఉంచితే టమాటా దెబ్బతింటుంది. తోలు మీద గుంటలు పడతాయి, పచ్చికాయ సరిగ్గా ఎరుపెక్కదు, రుచి పోతుంది. పచ్చిగా కోసి 13 డిగ్రీల దగ్గర ఉంచినా దక్కేది రెండు మూడు వారాలే. యాపిల్ నిద్రపోగలదు, టమాటాకు ఆ విద్య రాదు.

అంత మాత్రాన ‘మనది, పరాయిది’ అని గీత గీయడం తేలికేం కాదు. చెన్నైకి కశ్మీరు యాపిల్ దాదాపు 3,000 కిలోమీటర్లు లారీలో వస్తుంది. టన్నుకు, కిలోమీటరుకు లెక్కేస్తే ఓడ కాల్చే ఇంధనం లారీ కన్నా చాలా తక్కువ. విమానంలో దిగే చెర్రీల సంగతి వేరు, వాటి జోలికి పోకపోవడమే మంచిది. ఇక టమాటా మాత్రం మన తాతలు కనిపెట్టిందా? దక్షిణ అమెరికా మొక్క, యూరోపియన్ల ఓడల్లో మన రేవులకు చేరింది.

మామిడి రోజులొస్తే క్రేటుకు పండగ. ఏప్రిల్ నుంచి జూలై దాకా టమాటాను కాస్త పక్కకు నెట్టి బంగినపల్లి, రుమానీ, ఇమామ్‌పసంద్, చివర్లో నీలం. కార్బైడుతో ముగ్గబెట్టకూడదని చట్టం ఉన్నా, ఏటా ఈ రోజుల్లోనే అధికారులు కోయంబేడులో సోదాలు చేసి కాయలు పట్టుకుంటారు. రుతువులో వచ్చినంత మాత్రాన పండు నికార్సైనదని కాదు. రైతుకు లాభమనీ కాదు. 2025లో చిత్తూరు వైపు తోతాపురి విరగకాసి గుజ్జు ఫ్యాక్టరీలు ధర దించేస్తే, ఆంధ్ర ప్రభుత్వం కిలోకు నాలుగు రూపాయలు తన వంతుగా కలపాల్సి వచ్చింది.

ఇన్ని చూసిన క్రేటుకు ఒక గట్టి అభిప్రాయం ఏర్పడింది. తన తిండి టమాటాయే కాబట్టి చెప్పుకోవడానికి మొదట కాస్త మొహమాటపడింది. రుతువు తప్పిన తిండి అంటే అందరూ జూన్‌లో యాపిల్‌నే చూపిస్తారు. అసలు రుతువు పోగొట్టుకున్నది వంటింటి పులుపు అంటుందది. ఒకప్పుడు ఉగాది నాటికి మామిడికాయ పప్పు, ఆ ఎండల్లోనే చింతచిగురు. వానలకు గోంగూర. కార్తీకంలో ఉసిరి, ఆ వెనకే చింతకాయ పచ్చడి. ఏదీ లేని రోజున జాడీలో చింతపండు. ఇప్పుడు పప్పుకు టమాటా, రసానికి టమాటా, కూరకు టమాటా, చట్నీకి టమాటా, పన్నెండు నెలలూ. కాయ తగ్గినా అడిగేవాళ్లు తగ్గరు. అందుకే పంట ఒక్క నెల తడబడితే ధర చెట్టెక్కి కూర్చుంటుంది.

2023 అందుకు సాక్ష్యం. వేసవికి ముందు గిట్టుబాటు కాక చాలామంది రైతులు పంట తగ్గించారు. ఎండలు, తెగుళ్లు, ఆపైన ఉత్తరాదిలో కుండపోత వానలు. జూలై ఆఖరుకు మదనపల్లెలో మేలురకం కిలో 200కు చేరువైంది. చెన్నైలో తమిళనాడు ప్రభుత్వం 82 రేషన్ షాపుల్లో కిలో 60కి అమ్మించింది. ఆంధ్రలో రైతుబజార్లలో 50. ఢిల్లీ కోసం కేంద్ర సహకార సంస్థలు మన మార్కెట్లలోనే కొని పైకి పంపాయి. చివరికి ఆగస్టు 10న నేపాల్ నుంచి టమాటా తెస్తున్నామని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ పార్లమెంటులో చెప్పారు. సాంబారు కోసం దిగుమతి!

ఆ రోజుల్లో అయనావరం కొట్టులో జరిగిన బేరం క్రేటుకు నోటికొచ్చు.

“టమాటా ఎంతన్నా?”

“నూట ఎనభై అక్కా.”

“బంగారమా ఏంది?”

“బంగారమైతే బీరువాలో పెట్టుకోవచ్చక్కా. ఇది ఎల్లుండికి కుళ్లిపోతాది.”

ఆమె రెండు కాయలు చేతిలోకి తీసుకుంది, తూకం చూసింది, మళ్లీ క్రేటులో పెట్టేసింది. అర కిలో చింతపండు కట్టించుకుని, “మా అమ్మ టమాటా లేకుండానే చారు కాసేది, మేం బతకలేదా?” అంటూ వెళ్లింది. పక్కనున్న యాపిల్ పెట్టెను ఆమె కన్నెత్తి చూడలేదని క్రేటు ఇప్పటికీ చెప్పుకుని మురుస్తుంది. చింతపండుకు చల్లని గదులు, వాయువులు అక్కర్లేదు. మాఘ ఫాల్గుణాల్లో రాలిన కాయను గింజ తీసి, ఉప్పు వేసి జాడీకెత్తితే మళ్లీ ఏడాదికి సరి.

సెప్టెంబరుకల్లా టమాటా ధర కుప్పకూలింది. రాయలసీమలో కోత కూలీ కూడా రాక రైతులు కాయల్ని రోడ్ల పక్కన పారబోశారు. క్రేటు అప్పుడూ నిండుగానే తిరిగింది, కాకపోతే లారీ బాడుగ లోపలున్న సరుకుకన్నా ఎక్కువ. యాపిల్ పెట్టె చిత్తు కాగితాల కొట్టుకు పోయింది. దానికి తిరుగు ప్రయాణమంటూ లేదు. క్రేటు మాత్రం ప్రతిసారీ ఖాళీగా మదనపల్లె చేరాలి, చేరకపోతే మండీ పుస్తకంలో బాకీ పడుతుంది. ఆ నెల అదీ జరగలేదు. సీతాఫలాలు దిగాయి. పెట్టడానికి చోటు చాలక కొట్టతను తీగ కుట్టున్న ఆ పచ్చ క్రేటును తన దగ్గరే అట్టిపెట్టుకున్నాడు. మండీ నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. “రేపటి లారీకి ఎక్కిస్తానన్నా” అని రెండుసార్లూ చెప్పాడు గాని, సీతాఫలాలు అయిపోయేదాకా ఎక్కించలేదు.