ఎల్లార్ బాబాయిగారు

బిష్టుపూర్ రామమందిరంలో సాయంత్రం పూట ఎవరైనా "మా అమ్మాయికి పురుడు, వచ్చే నెల చికాగో వెళ్తున్నాం" అంటే చాలు, ఎల్లార్ బాబాయిగారు చెప్పులు వేసుకోనివ్వరు.

"సంతోషం. ఏ విమానమేటి?"

"ఎయిరిండియా అండీ."

"అది కంపెనీ పేరు. నేనడిగేది రకం. టూ హండ్రెడ్ ఎల్లారా, త్రీ హండ్రెడ్ ఈయారా?"

అవతలాయన కాసేపు ఆలోచించి, "ఎకానమీ" అంటాడు.

అప్పుడు బాబాయిగారి మొహం చూడాలి. పదో తరగతి ఫలితాల్లో మనవడి నంబరు కనపడనట్టు ఉంటుంది.

జంషెడ్‌పూర్‌లో, టాటాల ఉక్కు కంపెనీ టిస్కోలో రిటైరైన తెలుగువాళ్ళలో ఈ జాతి ఒకటి తయారైంది. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి కూలికొచ్చారు, పిల్లలు డాలస్‌కీ న్యూజెర్సీకీ పోయారు, వీళ్ళు కంపెనీ పెన్షన్‌దారులుగా కద్మాలోనో సోనారిలోనో మిగిలారు. పురుళ్ళకీ బారసాలలకీ అమెరికా తిరగడంలో మొదటిసారి భయంతో సరిపోయింది. రెండోసారి, నిద్ర పట్టక, ముందు సీటు జేబులోని సేఫ్టీ కార్డు తీసి చదివారు. దాని మీద విమానం రకం అచ్చేసి ఉంది. జీవితమంతా కడ్డీ మందం చూసి గ్రేడు చెప్పిన మనిషికి అంతకన్నా ఏం కావాలి?

"బోయింగ్ 777లో టూ హండ్రెడ్ ఎల్లార్‌కీ త్రీ హండ్రెడ్ ఈయార్‌కీ రెక్కలొకటే బాబూ, 64.8 మీటర్లు. ఈయార్ పొడవు 73.9, ఎల్లార్ 63.7. పది మీటర్లు కోసి పారేశారు. జనం తగ్గారు, బరువు తగ్గింది, దూరం పెరిగింది. ఆ కోత కోసినోడు మా మిల్లులో ఉండాల్సినోడు!"

2005లో ఎల్లార్ హాంకాంగ్‌లో లేచి, ఎక్కడా దిగకుండా, తూర్పు దారిన 21,602 కిలోమీటర్లు ఎగిరి లండన్‌లో వాలిందట. 22 గంటల 42 నిమిషాలు. పడమటి దారి దగ్గర కదా అన్నామో, "దగ్గర దారిన పోతే దాని గొప్పేటి?" అని కసురుకుంటారు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి అదే ఎల్లార్‌ని తెచ్చిన మహిళా పైలట్లలో పాపగారి తన్మయి ఉన్నారని చెప్పేటప్పుడు, ఆ అమ్మాయిని చిన్నప్పుడు తనే ఎత్తుకు తిప్పినట్టు మాట్లాడతారు. మనం నమ్మేస్తాం కూడా.

2022 జనవరి 27న ఎయిరిండియా మళ్ళీ టాటాల చేతికొచ్చింది. ఆ రోజు నుంచి బాబాయిగారిది అభిమానం కాదు, అజమాయిషీ. 1932లో జేఆర్డీ పస్‌మాత్ విమానంలో కరాచీ నుంచి బొంబాయికి టపా మోసిన కథ ప్రతి మార్చి 3న, ఫౌండర్స్ డే దీపాల కింద, జూబిలీ పార్కులో వినాల్సిందే. కొత్తగా వచ్చిన ఏ350 రిజిస్ట్రేషను వీటీ-జేఆర్‌ఏ అని తెలిసి ఫోనుకే దండం పెట్టారు. ఆ ఫొటోని రెండు వేళ్ళతో సాగదీసి, విమానం కాళ్ళ దగ్గర ఆపి, మన ముక్కు కిందికి తెస్తారు. "లెక్కెట్టు. కాలికి నాలుగు చక్రాలు. అంటే 900. ఆరుంటే 1000. మూతి చూసి మోసపోకు, కాళ్ళు చూడు." పెళ్ళిసంబంధాలు కూడా ఆయన ఇంత శ్రద్ధగా చూడలేదని పిన్నిగారి ఫిర్యాదు.

పిన్నిగారు అవే విమానాలెక్కారు, అన్ని గంటలే కూర్చున్నారు. ఆవిడ తేల్చింది ఒక్కటే: "777లో వరసకి పదేసి సీట్లు బిగిస్తారు, ఏ350లో తొమ్మిదేసి. పదయితే పక్కోడి మోచెయ్యి నా పప్పన్నంలో ఉంటాది." అన్ని కంపెనీలూ పది బిగించవని బాబాయిగారు సవరిస్తారు. నా మటుకు నాకు, మోచేతుల లెక్క ముందు మీటర్ల లెక్క దిగదుడుపే.

ఇంత విద్యా ఉన్న మనిషి సోనారి విమానాశ్రయం పేరెత్తితే మాత్రం మూతి ముడిచేవారు. అక్కడి రన్‌వే మీద 777 దిగే ప్రశ్నే లేదు. 2023లో కోల్‌కతాకి మొదలైంది 9 సీట్ల సెస్నా. "ఒకటే ఇంజను, అదీ పంకా తిరిగేది. దీనికో రకమూ, పోల్చడమూనా?" అని హౌరాకి రైలెక్కేవారు.

మొన్న ఎవరో కుర్రాడు ఉండబట్టలేక చెప్పేశాడు: ఆ సెస్నా గ్రాండ్ కారవాన్, మామూలు కారవాన్‌ని నాలుగడుగులు సాగదీసిన రకమేనని.

"సాగదీశారా?" అన్నారు బాబాయిగారు. "రెక్కలు మార్చారా, అవే ఉంచారా?"

మర్నాడు పొద్దున్నే సోనారి వెళ్ళి టికెట్టు ధర కనుక్కొచ్చారు.