మిరియపు గింజ కౌలు

తూర్పు లండన్‌లో ఫ్లాటు కొన్నానని 2016లో ఫోన్ చేసి చెప్తే, నాన్న మొదట అడిగిన ప్రశ్న: "నీ వాటాకి ఎన్ని గజాలొచ్చాయిరా?" తెనాలిలో ఎవరు ఫ్లాటు కొన్నా అడిగేది అదే. పైన కట్టింది ఎప్పటికైనా కూలుతుంది, కింద మన గజాలు ఎక్కడికీ పోవు కదా.

"గజాలేం రావు నాన్నా. నేల వేరేవాళ్ళది. 99 ఏళ్ళ లీజు. అందులో పన్నెండేళ్ళు అప్పుడే అయిపోయాయి."

లైను తెగిపోయిందనుకున్నాను. తెగలేదు.

"అంటే కౌలా?" అన్నారు.

నాన్నకి మూడెకరాల మాగాణి ఉంది. ముప్పై ఏళ్ళుగా కౌలుకే ఇస్తున్నారు. కాగితం మీద పెడితే రేపు హక్కంటారని కౌలుదారుకి ఒక్క ముక్క రాసిచ్చిన పాపాన పోలేదు. అలాంటాయన కొడుకు సముద్రాలు దాటెళ్ళి, పాతికేళ్ళ అప్పు చేసి మరీ కౌలుదారు అయ్యాడు. గృహప్రవేశం ఫోటోలు బంధువులకి చూపించారు గానీ, ఈ ముక్క మాత్రం గుమ్మం దాటనివ్వలేదట. అమ్మ చెప్పింది.

ఇంగ్లండులో ఫ్లాట్లు చాలావరకు ఇంతే. నేలా, భవనమూ ఫ్రీహోల్డరువి. మనం కొనేది అందులో ఇన్నేళ్ళు ఉండే హక్కు. గడువు తీరితే తాళాలు ఆయనకే. పైగా ఏటా గ్రౌండ్ రెంటు, నాకైతే అప్పట్లో 250 పౌండ్లు. దేనికయ్యా అంటే, నేలకి. నేనుండేది మూడో అంతస్తులో.

లీజు అనేది మంచులా కరుగుతుందని తెలుసు గానీ, 99లో కరిగేదెంతలే అనుకున్నాను. 2023 జూన్‌లో ఆఫీసులో ఒకాయన మాటల మధ్య ఎంత మిగిలిందని అడిగాడు. 80 ఏళ్ళ మూడు నెలలన్నాను. స్కానింగు రిపోర్టు చూసిన డాక్టరులా ముఖం పెట్టి, "ఇంట్లో ఎవరికైనా చెప్పారా?" అన్నాడు.

మనవైపు మనిషికి ఎనభై నిండితే సహస్ర చంద్ర దర్శనం చేసి, శాలువా కప్పి, కాళ్ళకి దణ్ణం పెడతాం. ఇక్కడ లీజు ఎనభైకి దిగితే దాన్ని ముట్టుకోవడానికి భయపడతారు. కారణం 'మ్యారేజ్ వాల్యూ' అనే వింత పద్దు. లీజు పొడిగిస్తే ఫ్లాటు విలువ పెరుగుతుందిగా, ఆ పెరిగినదాంట్లో సగం ఫ్రీహోల్డరుకి సమర్పించుకోవాలి. మిగిలిన గడువు 80 ఏళ్ళకి మించి ఉంటే ఈ బాదుడు ఉండదు. ఇది వివరిస్తుంటే నాన్న మధ్యలోనే ఆపి, "దీనికింత ఉపన్యాసమెందుకురా, కట్నమను" అన్నారు.

అసలు లండన్ నేలకీ పెళ్ళికీ చుట్టరికం పాతదే. 1677లో సర్ థామస్ గ్రోవెనర్ అనే ఆయన పన్నెండేళ్ళ మేరీ డేవీస్‌ని పెళ్ళాడితే, ఆ పిల్లతోపాటు వచ్చిన పొలాలే ఇవాళ్టి మేఫెయిర్, బెల్‌గ్రేవియా. మాబోటి ఫ్లాటువాళ్ళకి లీజు 90 ఏళ్ళు పొడిగించుకునే హక్కిస్తూ 1993లో చట్టం వస్తే, ఆ వంశంలోని ఆరో డ్యూక్ ఆఫ్ వెస్ట్‌మినిస్టర్ అలిగి కన్సర్వేటివ్ పార్టీనే వదిలేశాడు. మా నాన్నకి ఈ డ్యూకు మీద వెంటనే సానుభూతి కలిగింది.

లీజు పొడిగించమని నోటీసు ఇచ్చిన నాటి లెక్కే లెక్క. కాబట్టి సెప్టెంబరులోగా ఇచ్చేయాలని సొలిసిటరు దగ్గరికి పరుగెత్తాను. ఆ 1993 చట్టం 42వ సెక్షను కింద నోటీసు వెళ్ళింది. మా సర్వేయరు 7,000 పౌండ్లన్నాడు. రెండు నెలలు ఊరించి, ఇక గడువు ముగుస్తుందనగా, అవతలివాళ్ళు 19,000 అన్నారు. సర్వేయర్లిద్దరూ పట్టికలూ వడ్డీరేట్లూ ముందేసుకుని శాస్త్రోక్తంగా వాదించుకున్నారు. నా చెవికది వంకాయల బేరంలాగే వినిపించింది. చివరికి 10,400 దగ్గర తెగింది.

తెగిందని సంబరపడుతుంటే ఇంకో బిల్లొచ్చింది. మా సొలిసిటరుకీ సర్వేయరుకీ నేనిచ్చుకోవాలి, సరే. అవతలివాళ్ళ సొలిసిటరుకీ, నా దగ్గర 19,000 గుంజాలని చూసిన ఆ సర్వేయరుకీ కూడా నేనే ఇచ్చుకోవాలట. చట్టంలోనే ఉంది. మగపెళ్ళివారి విడిది ఖర్చు ఆడపెళ్ళివారిదే అన్నమాట. ఇక మ్యారేజ్ అనే పేరు ఎందుకు పెట్టారో అడగలేదు. ఈ పద్దే ఎత్తేసి, ఏకంగా 990 ఏళ్ళు పొడిగిస్తామని 2024లో కొత్త చట్టం చేశారు. ఇది రాసేనాటికి ఆ రెంటికీ ఇంకా ముహూర్తం పెట్టలేదు.

2024లో కొత్త లీజు చేతికొచ్చింది. గడువు 2193 దాకా. నాన్నకి చదివి వినిపించాను. అద్దె పద్దు దగ్గర ఆపి, మళ్ళీ చదవమన్నారు.

"ఏటా ఒక మిరియపు గింజ, అడిగినచో."

"నిజం మిరియమేనా?"

"కోర్టు భాష నాన్నా. అద్దె లేదని చెప్పడం. ఎవరూ అడగరు."

"అడక్కపోవడమేంట్రా? నేనైతే అడుగుతాను."

నెలరోజులకి తెనాలి నుంచి పార్సిలొచ్చింది. గోంగూర పచ్చడి, కందిపొడి, వాటి మధ్య ఒక చిన్న పొట్లం. ఏమిటని అమ్మని అడిగాను.

"మిరియాలురా. మీ నాన్న కళ్ళజోడు పెట్టుకుని 169 లెక్కపెట్టారు. కొసరు ఒకటి వేశారు. ఒక్కసారే కట్టేసి, వాళ్ళ దగ్గర రసీదు రాయించుకోమన్నారు."