పాటల కార్డు వ్రతకల్పం

ఈ వ్రతాన్ని ఏ మాసంలోనైనా పట్టవచ్చు గానీ కార్తీకం శ్రేష్ఠం. ఆ నెల్లో నెల్లూరు జనం సముద్రస్నానానికి మైపాడు దారి పడతారు. కారు నిండా చుట్టాలుంటారు కాబట్టి మీ సర్దుబాటు గొప్పదనానికి సాక్షులకు కొదవ ఉండదు. కావలసిన ద్రవ్యాలు: మెమరీ కార్డు ఒకటి, దాన్ని స్టీరియోలో దూర్చడానికి కార్డు రీడరు ఒకటి, పాత ల్యాప్‌టాపు ఒకటి, అన్నం చల్లారిపోతోందని ఇంట్లోవాళ్ళు ఎన్నిసార్లు అరిచినా కుర్చీలోంచి లేవని దీక్ష.

ముందుగా కార్డు. పేరున్న కొట్లో బిల్లు తీసుకుని 32 జీబీ కార్డు కొనడం చేతగానివాళ్ళ పని. రోడ్డు పక్కన గొడుగు కింద అంతకంటే తక్కువకే 256 జీబీ ఇస్తుంటే వదులుకుంటామా? లోపల నిజంగా ఉండేది 8 జీబీయే కావచ్చు. ఎవరడిగినా 256 అని చెప్పమని దానికి ముందే నేర్పి పెట్టి ఉంటారు. మీరు ఎన్ని పాటలు ఎక్కించినా అది కాదనదు, పేర్లన్నీ బుద్ధిగా చూపిస్తుంది, పాడమన్నప్పుడే గొంతు పెగలదు. ఇలాంటివాటిని పట్టుకోవడానికి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. కార్డును నిండా రాసి, తిరిగి చదివి, అబద్ధం ఎక్కడ మొదలైందో చెప్పేస్తుంది. దాని జోలికి మాత్రం పోకండి, వ్రతం సంకల్పం దగ్గరే ఆగిపోతుంది. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, విదేశాల రొట్టె అన్నీ చేతులు మారతాయి గానీ, పోయిన పాటలు తిరిగి రావాలని రొట్టె పట్టుకున్నవాళ్ళు ఇంకా కనబళ్ళేదు.

అసలు సిసలు 64 జీబీ కార్డే దొరికిందా, దిగులు పడకండి, దానికీ ఒక చిక్కుంది. 32 జీబీ దాటిన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో తయారై వస్తాయి. పాత స్టీరియోల్లో చాలావాటికి ఫ్యాట్32 తప్ప మరొకటి తెలీదు. కార్డు పెట్టగానే 'నో ఫైల్' అని చూపించి ఊరుకుంటాయి. మీరు దాన్ని బయటికి లాగి, చొక్కా అంచుతో తుడిచి, నోటితో ఊది మళ్ళీ పెట్టాలి. శాస్త్రం ఒప్పుకోకపోయినా ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో ఇది ఆచారం.

పాటలు ఎక్కడివి అన్న ప్రశ్న వేయకూడదు. సెల్లు కొట్టు ముందు 'పాటలు ఎక్కించబడును' అనే బోర్డు ఉన్నంతకాలం 1957 నాటి కాపీరైటు చట్టం దాని నీడలోనే కునుకు తీస్తుంటుంది. ఆ కొట్టు కుర్రాడికి మీ ఫోల్డర్ల ప్రణాళిక వివరించి చూడండి. "ఫోల్డర్లేందినా, ఎక్కితే చాలు గదా" అంటాడు. ఈ విద్యలో అంతకు మించిన మాట నేనింకా వినలేదు. అందుకే దాన్ని పట్టించుకోకూడదు.

ఇప్పుడు ఫోల్డర్లు. నెల్లూరువాళ్ళం గనక మొదటిది బాలు గారిదే. తిప్పరాజువారి వీధిలోని సొంతిల్లు 2020లో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేసిన మనిషి మీ కార్డులో ఒక ఫోల్డరులో సర్దుకోలేడా అనుకుంటారు. సర్దుకోలేడు. ఆయన పాటలు నలభై వేలని జనం చెప్పుకునే లెక్క. పాటకు 5 ఎంబీ చొప్పున వేసుకున్నా 200 జీబీ. పోనీ ఏరుకుందామంటే 'శంకరాభరణం' దగ్గర బండి ఆగిపోతుంది. 1980లో వచ్చిన ఆ సినిమా పాటలు బాలు ఫోల్డరులో వేయాలా? అప్పుడు అదే సినిమాకు ఆయనతో పాటు జాతీయ అవార్డు అందుకున్న వాణీ జయరాం గారి సంగతేంటి? మరి మహదేవన్ ఫోల్డరో? విశ్వనాథ్ ఫోల్డరో? మీ అత్తగారి దృష్టిలో అవి భక్తి పాటలు. ఇన్ని న్యాయాల మధ్య నలిగిపోకుండా ఉండే మార్గం ఒక్కటే, అన్ని చోట్లా ఒక్కో కాపీ పడేయడం. గూడూరు చేరేలోపు ఒకే పాట మూడోసారి వచ్చినప్పుడు "మంచి పాట ఎన్నిసార్లు విన్నా మంచిదే" అని ముందే అనేయండి, ఇంకొకరు నోరు తెరవకముందే.

తర్వాత వరస నంబర్లు. ఫైళ్ళకు 1, 2, 3 అని పెట్టుకుంటూ పోండి. 001 అని పెడితే సరిపోతుందని ఎవరైనా చెబితే చెవిన పెట్టకండి. శ్రీహరికోట షార్‌లో కౌంట్‌డౌన్ పది, తొమ్మిది, ఎనిమిది అని తప్పకుండా దిగుతుంది. పక్కనే సూళ్లూరుపేట హైవే మీద మీ స్టీరియో మాత్రం 1 తర్వాత 10 పాడి, 11, 12 అంటూ 19 దాకా పోయి అప్పుడు 2కి వస్తుంది. జర్మనీ ఇంజనీర్లు ఈ ఫైళ్ళకు 'ఎంపీ3' అనే తోక ఖాయం చేసింది 1995 జూలై 14న. చంద్రయాన్-3 ఇక్కణ్ణుంచి లేచింది 2023లో అదే జూలై 14న. చంద్రుడి మీద అది దిగిపోయింది కూడా, మన 2వ పాటకు ఇంకా వంతు రాలేదు.

అంకెలు చూసే స్టీరియో అయితే ఈ గతి. చాలా స్టీరియోలు అసలు అంకెలే చూడవు, అక్షరాలూ చూడవు. కార్డులోకి ఏది ముందు ఎక్కిందో దాన్నే ముందు పాడతాయి. ఫ్యాట్ పద్ధతిలో ఫోల్డరంటే వచ్చినవాళ్ళ పేర్లు వచ్చిన వరసలో రాసిన పట్టీ. మధ్యలో ఒక పాట తీసేస్తే ఆ ఖాళీలోకి రేపు ఎక్కే కొత్త పాట వచ్చి కూర్చుంటుంది. ల్యాప్‌టాపు తెరమీద అన్నీ వరసగా కనబడటం మీ కంటి తృప్తికే. పాటల్ని ఒక్కొక్కటిగా కావలసిన వరసలో ఎక్కిస్తే, లేదా ఆ పట్టీని తిరగరాసే చిన్న ప్రోగ్రాం వాడితే ఈ బాధ తీరుతుంది. తీరాక ఆదివారాలు ఏం చేస్తారో ఆలోచించుకుని దిగండి.

పేర్లు తెలుగులోనే రాయాలి, భాషాభిమానం అంటే అదే. చిన్న స్టీరియో తెరమీద అవి వరసగా చతురస్రాలై కనబడతాయి, ఏ పాటైనా నాలుగు డబ్బాలే. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఇంకో అనుభవం. తెర ఫైలు పేరు వదిలేసి ఫైలు లోపలి ట్యాగును చూపిస్తుంది. అందులో పాట పేరుండదు, దాన్ని దించుకున్న వెబ్‌సైటు పేరుంటుంది. ఘంటసాల, సుశీల, జానకి, అందరూ ఆ సైటుగారే. ట్యాగులు దిద్దే ప్రోగ్రాములున్నాయి. ఆరువేల పాటలకు దిద్దిన పుణ్యాత్ముడు ఎవరైనా ఉంటే ఆయన కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటాను.

ఆరువేలు ఎందుకన్నానంటే, 128 కేబీపీఎస్‌లో అయిదు నిమిషాల పాట 5 ఎంబీ లోపే. 32 జీబీ కార్డులో ఆరున్నరవేల పాటలు పడతాయి. ఆపకుండా పాడితే 22 రోజులు, రాత్రింబగళ్ళు. నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్లు. ఈ తేడా మీకు మనశ్శాంతి ఇవ్వాలి. ఇవ్వకపోతే పాటలన్నిటినీ 320కి మార్చండి. ఫైలు రెండున్నర రెట్లు లావెక్కుతుంది, శబ్దం మాత్రం ఉన్నచోటే ఉంటుంది, ఒకసారి పోయిన నాదం బరువు పెంచినంత మాత్రాన తిరిగి రాదు. అయితేనేం, బావమరిదికి చెప్పుకోవడానికి 320 అనే అంకె బాగుంటుంది. అద్దాలు దించుకుని రొయ్యల గుంటల పక్కన పోతుంటే ఏరేటర్ల హోరులో రెండూ ఒకటే.

పాత పాటలు మెల్లగా, కొత్తవి చెవులు పగిలేట్టు ఉంటాయి. వాల్యూమును సమం చేసే సాధనాలు వాడకుండా ఉంటే, లీలగారి పాటకు పెంచిన వాల్యూములో తర్వాతి ఐటం సాంగు వచ్చి వెనక సీట్లో నిద్రపోతున్న పెదనాన్నను కూర్చోబెడుతుంది.

వ్రతభంగం ఒక్కటే ఒక్కటి, షఫిల్ బటను. పెళ్ళికూతుర్ని అత్తారింట దిగబెట్టే కారు, బానెట్టు మీద బంతిపూల దండ. ఇందుకూరుపేట దాటుతుండగా ఎవరో పిల్లాడు ఆ బటను నొక్కుతాడు. ఘంటసాల ఫోల్డరులో మీరే భక్తిగా వేసిన భగవద్గీత ఎత్తుకుంటుంది. ఆ గొంతులో గీత వినబడితే మన వీధుల్లో ఏమనుకుంటారో చెప్పనక్కర్లేదు. టీకొట్టు బల్లమీద పెద్దాయన లేచి నిలబడి, భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుంటాడు. కారులో పెళ్ళికూతురి మేనత్త, "ఏందబయా, ఎవురు పోయినారు?" అంటుంది. ముందు సీట్లో కూర్చున్న మీరు తర్వాతి పాట బటను కోసం వెతుకుతూ వాల్యూము బటను నొక్కాలి. ఇది విధి.

చివరగా వాయనం. సర్దడం పూర్తయ్యాక కార్డును బావమరిదికి కాపీ ఇవ్వాలి, ఆయన అడక్కపోయినా. ఆయన దగ్గర్నుంచి రొయ్యల గుంట కాపలా మనిషికి, అతని దగ్గర్నుంచి ముత్తుకూరులో ఇంకెవరికో చేరుతుంది. కొన్నాళ్ళకు మీరు కోవూరు ఆటో ఎక్కుతారు. శంకరాభరణం పాట వస్తుంది, వెంటనే మళ్ళీ అదే వస్తుంది, 1 తర్వాత 10 వస్తుంది, 'న్యూ ఫోల్డర్ 3'లో మీరు తప్పు పేరుతో దాచిన పాట కూడా అదే చోట వస్తుంది. ఈ పాటలెవరు సర్దారబ్బాయ్ అని అడిగి చూడండి.

"మా బావ సర్దినాడు నా. మూడు రాత్రులు నిద్ర లేకుండా కూర్చున్నాడంట."