పిల్లలతో కుంటాలకు: కొన్ని తలకిందుల సలహాలు

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు ఏ ఇంట్లో కుంటాల ప్రయాణం అనుకున్నా ప్లాన్ ఒక్కలాగే ఉంటుంది. వానలు దంచికొట్టిన వారం చూసి ఆదివారం పోవాలి. తెల్లవారుజామున నాలుగింటికల్లా బండి కదలాలి. ఈతొచ్చిన మేనమామ తోడుండాలి. అందరికీ రెండో జత బట్టలు సర్దాలి. ఎట్లాగూ అంత దూరం పోతున్నాం కాబట్టి పొచ్చెర, పోచంపాడు, బాసర కూడా చూసుకొని రాత్రికి ఇల్లు చేరాలి. పిల్లలు వెంట ఉంటే ఇందులో ఒక్కటి కూడా ఉన్నదున్నట్టు చేయకండి. నేను చెప్పేవి ఇంట్లో చదివి వినిపిస్తే పెద్దవాళ్లు తప్పకుండా అడ్డం తిరుగుతారు. అయినా చదివి వినిపించండి.

ముందుగా, ఎవరికీ మింగుడుపడని సలహా. జలపాతంలో నీళ్లు బాగా ఉన్నప్పుడు పోవద్దు. జులై, ఆగస్టు నెలల్లో వాట్సాప్‌లో ఎర్రనీళ్లు విరుచుకుపడే వీడియో ఒకటి తిరుగుతుంది. అది చూసి ఊరంతా బయల్దేరుతుంది. కుంటాల ఎత్తు సుమారు 45 మీటర్లు. అక్కడ కడెం నది అంచెలంచెలుగా కిందికి దూకుతుంది. వరద మీద ఉన్నప్పుడు ఆ అంచెలు కనపడవు, రాయి కనపడదు. కనిపించేదంతా తుంపర, వినిపించేదంతా రొద. మూడేళ్ల పిల్ల ఆ రొదకే జడిసి తల్లి చంక దిగదు. పదేళ్ల పిల్లవాడేమో ఆ హోరుకు ఒళ్లు మరిచి ముందుకు ఉరుకుతాడు. రెండూ మనకు వద్దు. ఉధృతి మరీ ఎక్కువైతే కిందికి పోనివ్వరు కూడా. అప్పుడు పైన రోడ్డు మీద కార్ల వరస చూసి రావడమే మిగులుతుంది.

దసరా సెలవుల చివరి రోజులు ఎంచుకోండి. సద్దుల బతుకమ్మ అయిపోతుంది, జమ్మి పెట్టుకోవడం, చుట్టాల రాకపోకలు తీరుతాయి, వరికోతల హడావుడి ఇంకా పూర్తిగా అందుకోదు. నీళ్లు తేరుకొని తెల్లబడతాయి. నది ఒక్క గోడలా కాకుండా పాయలు పాయలుగా పడుతుంది. ఏ పాయ ఏ బండను చీల్చుకొని వస్తోందో, రాయి ఎక్కడ నున్నగా అరిగిందో, ఎక్కడ ఇంకా కరుకుగా ఉందో పిల్లలకు వేలు పెట్టి చూపించవచ్చు. ఆ వేళకు రోడ్డు పక్కన సీతాఫలాలు గంపల్లో ఉంటాయి. పిల్లలకు జ్ఞాపకం ఉండేది ఆ గింజలు ఉమ్మే పందెమే అయినా నాకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు మెట్లు. కుంటాల గురించి ఎవరు చెప్పినా నీళ్ల గురించే చెబుతారు, మెట్ల గురించి చివర్లో ఒక మాట అంటారు. పిల్లలతో పోయేవాళ్లకు అసలు సంగతి మెట్లే. పైన బండి ఆపిన దగ్గర్నుంచి కిందికి 400కు పైగా ఉన్నాయి. మనకు అలవాటైన గుట్టల లెక్క ఇక్కడ తిరగబడుతుంది. డిచ్‌పల్లి రామాలయమైనా, యాదగిరిగుట్టయినా ముందు ఎక్కుతాం, అలసిపోతే దర్శనం చేసుకొని దిగివస్తాం. అలసటకు దిగుడే మందు. కుంటాలలో పిల్లలు ఉత్సాహంగా ఉన్నప్పుడు దిగుడు, ఆకలై, తడిసి, నిద్ర ముంచుకొచ్చినప్పుడు ఎక్కుడు. దిగేటప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు. అందుకే ఒక్కో మెట్టు దిగుతూ, ఆ మెట్టు మళ్లీ ఎక్కాల్సింది ఇంట్లో అందరికంటే చిన్న కాళ్లవాళ్లేనని గుర్తుపెట్టుకోవాలి.

దీనికి నా సలహా ఏమిటంటే, కిందిదాకా దిగితీరాలన్న పట్టు ఇంట్లోనే వదిలేసి రండి. సగం మెట్ల దగ్గర నీళ్లు కనపడే చోటు చూసుకొని కూర్చోండి. అక్కడే అరగంట ఉండండి. చిన్నపిల్ల అక్కడే ఆగిపోతానంటే ఆ పిల్లతో పాటు ఒక పెద్ద మనిషి కూడా ఆగాలి. అది త్యాగం కాదు, ప్లాన్‌లో భాగం. నాలుగేళ్లలోపు పిల్లను ఎత్తుకొని దిగేది ఎవరో బయల్దేరకముందే తేల్చుకోండి. ఎక్కేటప్పుడు మోయగలిగినవాళ్లే దింపాలి. దిగేటప్పుడు మురిపెంగా ఎత్తుకున్న బాబాయి ఎక్కేటప్పుడు నడుం పట్టుకుంటే ఆ బరువు తల్లి మీద పడుతుంది. ఇది ప్రతి కుటుంబంలో జరిగేదే. ముందు ఆదివారం పిల్లల్ని డిచ్‌పల్లి తీసుకెళ్లి గుట్ట ఎక్కించండి. వందకు కాస్త పైన మెట్లు, దానికి నాలుగింతలు కుంటాల. పిల్లవాడు రెండోసారి ఎక్కనంటే మీకు కావలసిన లెక్క దొరికినట్టే.

తిండి కిందికి మోయకండి. టిఫిన్ డబ్బాలు, చాప, కూలర్ అన్నీ బండిలోనే ఉండనివ్వండి. కవర్ చప్పుడైతే చాలు, కోతులు చుట్టుముడతాయి. పిల్లవాడి చేతిలోంచి పొట్లం లాక్కుంటే వాడు బెదిరేది నాలుగు మెట్ల పైనుంచి. చేతులు రెండూ ఖాళీగా ఉండాలి, ఒకటి పిల్లల కోసం, ఒకటి మెట్ల పక్కన పట్టుకోవడానికి. ఒక భుజం సంచిలో నీళ్లసీసా, మూత గట్టిగా పట్టే డబ్బాలో వేయించిన పల్లీలు, బెల్లం ముక్కలు చాలు. బెల్లానికి పేరుపడ్డ ఊరు మన కామారెడ్డి, చాక్లెట్లు కొనాల్సిన పని లేదు. ఆ డబ్బా ఎక్కేటప్పుడే తీయాలి, యాభై మెట్లకోసారి, కూర్చున్నాకే. అన్నం మాత్రం పైకి వచ్చాకే.

ఇంకో మాట చాలామందికి కోపం తెప్పిస్తుంది. పెద్దవాళ్లకు మార్చుకునే బట్టలు తీసుకెళ్లకండి. వాంతులు చేసుకునే పిల్లకు ఒక జత, అందరికీ కలిపి ఒక తువ్వాలు. అంతే. సంచిలో పొడి లుంగీ, టీషర్టు ఉన్నాయంటే మగవాళ్లు నీళ్లలోకి దిగాలని ఇంటి దగ్గరే నిశ్చయించుకున్నట్టు. పిల్లలు మన మాట వినరు, మన కాళ్లను చూస్తారు. నాన్న మోకాలిదాకా దిగితే ఎనిమిదేళ్లవాడికి అది నడుం లోతు. తడిస్తే తడిబట్టలతోనే మూడు గంటలు కారులో కూర్చోవాలని తెలిస్తే ఎవరూ దిగరు. బీరు సీసాలున్న బండిలో అయితే పిల్లల్ని అసలు ఎక్కించకండి. చుట్టరికం చెడినా సరే.

ఈతొచ్చిన మేనమామ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆయన్ని తీసుకెళ్లండి, కానీ పెత్తనం ఇవ్వకండి. ఊరి బావిలో, నిజాంసాగర్ కాలువలో నేర్చిన ఈత జలపాతం కింద గుండంలో పనికిరాదు. పైనుంచి పడే నీళ్లు గాలిని కలుపుకొని నురగలు నురగలుగా ఉంటాయి. ఆ నురగనీళ్లు మనిషిని మామూలు నీళ్లలా తేల్చవు. పడే ధార కిందికి తొక్కుతుంది, అడుగున బండల సందులు ఉంటాయి. నిలకడ నీళ్లలో గెలిచినవాడికే ఇక్కడ ధీమా ఎక్కువ. కాబట్టి ఇంట్లో అందరికంటే భయస్తులెవరో చూడండి, మేనత్తో, పెద్దమ్మో, పన్నెండేళ్ల ఆడపిల్లో. ఆ రోజుకు వాళ్లదే మాట. వాళ్లు చాలు అంటే చాలు, పైకి పోదాం అంటే పోవాలి. ఎందుకని అడగకూడదు, ఎగతాళి చేయకూడదు. ఈ ఏర్పాటు బండి ఎక్కేముందే పిల్లల ముందు ప్రకటించండి.

ఆకాశం నిర్మలంగా ఉందని కూడా ధైర్యపడొద్దు. మనం నిల్చున్న చోట చుక్క వాన లేకున్నా పైన బోథ్ వైపు కొండల్లో కురిసిన వాన కొంతసేపటికి కిందికి వస్తుంది. నీళ్ల రంగు మారి మట్టి కలుస్తున్నా, ఆకులు, పుల్లలు ఎక్కువగా కొట్టుకొస్తున్నా, రొద పెరిగినా వెంటనే మెట్ల వైపు కదలాలి. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది మధ్య బండల మీద నిలబడిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. అక్కడ వచ్చింది వాన కాదు, పైనున్న లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీరు. వాళ్లు ఫోటోలు దిగుతుండగానే నది పెరిగింది. నది మధ్య బండ మీద నిలబెట్టి పిల్లల ఫోటో తీయడం నాకు ఏ కాలంలోనూ ఇష్టం లేదు. ఫోటో కావాలంటే మెట్ల మీద తీసుకోండి, వెనక జలపాతం బాగానే పడుతుంది.

బయల్దేరే వేళ మాటకొస్తే, నాలుగింటికి కాదు, ఏడింటికి. నిద్రలో లేపి, ఖాళీ కడుపుతో కారులో వేసిన పిల్లలు నిర్మల్ దాటి ఘాట్ ఎక్కగానే కక్కుకుంటారు. ఇడ్లీ తిని కొంచెంసేపు వాకిట్లో ఆడుకున్న పిల్లలు తోవంతా కిటికీలోంచి చూస్తారు. కామారెడ్డి నుంచి నేరడిగొండదాకా 44వ నంబరు జాతీయ రహదారే. ఇందల్వాయి, ఆర్మూర్, సోన్ దగ్గర గోదావరి వంతెన, నిర్మల్, తర్వాత అడవి. నేరడిగొండ దగ్గర పక్కకు తిరిగితే పన్నెండు కిలోమీటర్లు. మొత్తం నూట నలభై, నూట యాభై కిలోమీటర్ల మధ్య. ఎల్లారెడ్డివాళ్లు ముందురోజు సాయంత్రమే లింగంపేట మీదుగా వచ్చి కామారెడ్డిలో చుట్టాలింట్లో పడుకుంటే పిల్లలకు తెల్లారి గంట ప్రయాణం తగ్గుతుంది. చీకటి పడకముందే అడవి దాటాలి కాబట్టి మూడింటికి తిరుగు ప్రయాణం. అంటే రెండింటికి అందరూ పైన అన్నం ముందు ఉండాలి, అంటే ఒంటిగంటకు ఎక్కడం మొదలు కావాలి. లోయలో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. ఎవరైనా విడిపోతే బండి దగ్గరే కలవాలని పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.

పొచ్చెర, బాసర, పోచంపాడు కలపొద్దని ముందే అన్నాను. నానమ్మ వెంట ఉండి, మెట్లు దిగలేనంటే కుంటాలే మానేసి పొచ్చెర జలపాతం ఒక్కటే చూడండి. ఎత్తు 20 మీటర్లే, దిగుడు తక్కువ, నది వెడల్పుగా పరుచుకొని పడుతుంది. పెద్ద పేరున్నదాన్ని వదిలేసి చిన్నదాన్ని చూశారని ఊళ్లో అంటే అననివ్వండి. గుండం మాత్రం అక్కడా లోతే. వచ్చేటప్పుడు నిర్మల్‌లో ఆగి పొణికి కర్రతో చేసిన బొమ్మ ఒకటి కొంటే ఇక వేరే చోటు అక్కర్లేదు. బాసరకు వేరే రోజు పోవచ్చు, అమ్మవారు ఎక్కడికీ పోదు.

అన్నిటికన్నా ముఖ్యం, రద్దు చేసుకోవడం ముందే ప్లాన్‌లో రాసుకోండి. బయల్దేరే ముందు రెండు రోజులు ఆదిలాబాద్, నిర్మల్ జిల్లాల్లో గట్టి వాన ఉంటే పోవద్దు. పిల్లలకు చూపించడానికి నీళ్లు మన దగ్గరే ఉన్నాయి. ఎల్లారెడ్డి పక్కన నాగిరెడ్డిపేట మండలంలో నిజాం కాలంలో 1922లో కట్టిన పోచారం ప్రాజెక్టు ఉంది. నిండితే అలుగు మీదుగా బారెడు తెర కట్టి దూకుతుంది. 2025 ఆగస్టు 27న కామారెడ్డి జిల్లాలో కురిసిన వాన పిల్లలందరికీ గుర్తే. రాజంపేట మండలం అర్గొండలో ఒక్కరోజులో నలభై సెంటీమీటర్లకు పైగా పడింది. జాతీయ రహదారి తెగింది, భిక్నూర్ వైపు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగాయి. ఆ రోజు పోచారానికి సుమారు 1.82 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. దాన్ని కట్టింది సుమారు 70 వేలు తట్టుకోవడానికి. అయినా నిలబడింది. నీళ్లంటే ఏమిటో, కట్ట అంటే ఏమిటో, పైన పడిన వాన కింద ఊరికి ఎట్లా వస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు ఈ చుట్టుపక్కల నాకు తెలియదు. అలుగు పారుతున్నప్పుడు దూరంగా గట్టు మీదే నిలబడండి. నీళ్లు తగ్గాక ఆ రాతి కట్టడాన్ని తీరిగ్గా చూడవచ్చు.

కాబట్టి పిల్లలకు కుంటాల అని ఒక్కపేరే చెప్పి ఊరించకండి. కుంటాల లేదా పోచారం, వాన ఎట్లా అంటే అట్లా అని చెప్పండి. ముందురోజు రాత్రి వార్తలు చూసి, ఆ రోజుకు పెత్తనం ఇచ్చిన మేనత్తను అడిగి తేల్చండి. ఆమె వద్దంటే డ్రైవర్‌కు రాత్రే ఫోన్ చేసి చెప్పండి, బండికి ఇచ్చిన అడ్వాన్సు తిరిగి రాకపోయినా సరే.